వెచ్చముల కొనుగోలు

మాసారంభమున వెచ్చముల చీటి వ్రాయుట ప్రతి గృహమునను జరుగు పనియే. బియ్యము, కందిపప్పు, నూనె, ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, పసుపు, బెల్లము అని వరుసగా వ్రాసి, ఆ చీటిని ఇంటి పెద్ద చేతికిగాని, బడినుండి వచ్చిన పిల్లవాని చేతికిగాని ఇచ్చి అంగడికి పంపుదురు. ఏమి కొనవలెనో చీటి చెప్పును. ఎట్టిది కొనవలెనో చీటి చెప్పదు. మన విద్యార్థులలో పెక్కుమంది తమ తల్లుల పక్షమున అంగడికి పోవువారే కావున, ఈ సంవత్సరపు సంచికలో ఆ రెండవ సంగతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ విషయమున మేము పండితులము కాము. పాఠశాలలో సామాన్యశాస్త్రము బోధించుటతో పాటు, కొన్ని ఏండ్లుగా హాస్టలు వెచ్చముల లెక్క చూచు బాధ్యతయు మాపై నున్నది. మేము నేర్చుకొన్నదానిలో అధికభాగము పొరపాట్ల వలన నేర్చుకొన్నదే. వానిలో ఒకదానిని మొదటనే చెప్పుట న్యాయము.

కొంతకాలము క్రిందట ఒకనాటి ఉదయము వంటామె చేటలో బియ్యము పట్టుకొని మా యొద్దకు వచ్చి, “మేస్టారూ, ఇదిగో చూడండి, బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలిపారండీ,” అనెను. చూచితిమి. తక్కిన గింజలకంటె కొంచెము పసుపు ఛాయ గలిగి, మరకొట్టిన బియ్యమువలె గాక అచ్చుపోసినట్లున్న గింజలు అక్కడక్కడ కనబడెను. ఇట్టి గింజలను నీటిలో వేసి తేల్చి చూపు చిత్రము ఒకటి అంతకు ముందే ఎవరో మా ఫోనుకు పంపియుండిరి. మేమును దానిని నమ్మియుంటిమి. “ఏరి పారవేయుము,” అని చెప్పితిమి. శాస్త్రము బోధించువారమై యుండియు, ఒక్క గింజనైనను వేడినీటిలో నానవేసి చూడమైతిమి. ఆమె పాపము ప్రతిదినము రెండు గంటలు కూర్చుండి, కన్నులు నొచ్చునట్లు ఆ గింజలను ఏరి పెంటలో పోయుచుండెను.

అటుపిమ్మట కొన్ని నెలలకు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఉదయపు ప్రార్థనావేళ నిలుచుండియే సొమ్మసిల్లి పడిపోయెను. వైద్యురాలు రక్తపరీక్ష చేయించి, హీమోగ్లోబిన్ ఎనిమిదికి తక్కువగా నున్నదని చెప్పెను. ఆ వయస్సు బాలికకు పండ్రెండు ఉండవలెను. ఆహారమును గూర్చి ప్రశ్నించుచు ఆమె, “రేషను బియ్యములో ఇనుము కలిపిన గింజలుండును గదా, అవి పిల్లలు తినుచున్నారా?” అని అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు.

ఆ గింజల సంగతి యిది. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను కలిపి, యంత్రములో బియ్యపుగింజ ఆకారముగా అచ్చుపోసి, నూరు కిలోల మామూలు బియ్యమునకు ఒక కిలో చొప్పున కలుపుదురు. 2021 ఆగస్టు 15న ప్రకటింపబడిన ఈ పద్ధతి ప్రకారము 2024 నాటికి అంచెలంచెలుగా దేశమంతట రేషను బియ్యములో ఇట్టి గింజలు కలుపబడెను. అవి పిండితో చేయబడినవి కావున మామూలు గింజవలె గట్టిగా ఉండవు. కొన్ని నీటిలో తేలును. తేలినంత మాత్రమున ప్లాస్టికు కాదు. వేడినీటిలో నానవేసి వ్రేళ్లతో నలిపినచో పిండి యగును. ప్లాస్టికు అట్లు కానేరదు. తలసేమియా వంటి రక్తవ్యాధులు గలవారు మాత్రము ఇట్టి బియ్యమును గూర్చి వైద్యుని సలహా అడుగవలెను. ఆ గింజలను పారవేయకున్నచో ఆ బాలిక సొమ్మసిల్లకుండెడిదని మేము చెప్పజాలము. రక్తహీనతకు కారణము లనేకములు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలెను. కాని, చేతికి వచ్చిన దానిని చేతులారా పెంటలో పోయించితిమన్న మాట మాత్రము నిజము.

బియ్యమును గూర్చి మరికొంత చెప్పవలసియున్నది. ఏలయన మన చీటిలో మొదటి మాట అదియే, మన డబ్బులో పెద్దభాగము పోవునదియు దానికే. అంగడిలో బియ్యము బేరమాడునపుడు మనము చూచునది తెలుపు. మల్లెపూవువలె నున్న బియ్యమునకు ధర హెచ్చు, గౌరవమును హెచ్చు. ఆ తెలుపు ఎట్లు వచ్చెను? వడ్లపై ఊక తీసిన తరువాత గింజను అంటిపెట్టుకొని తవుడు అను సన్నని పొర యుండును. బి1 విటమినులో అధికభాగము ఆ పొరలోను మొలకలోను ఉన్నది. మరలో గింజను ఎంత సానపట్టిన అంత తెల్లనగును, అంత సారహీనమగును. తవుడు పశువుల తొట్టిలోనికి పోవును. గేదె బలమెక్కును, పిల్లవాడు నీరసించును.

ఇది హాస్యమునకు వ్రాసినది కాదు. రోకలి దంపుడు తగ్గి బియ్యపు మరలు వ్యాపించిన కాలమున, గంజాము మొదలు నెల్లూరు వరకు గల మన సముద్రతీరపు జిల్లాలలో బెరిబెరి యను వ్యాధి పాదుకొనియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి పట్టుతప్పుట, ఒడలు ఉబ్బుట, గుండె నీరసించుట దాని లక్షణములు. తల్లిపాలలో ఆ విటమిను లోపించుటచే చంటిబిడ్డలు హఠాత్తుగా మరణించుచుండిరి. అదే చెన్నరాజధానిలో దక్షిణపు తమిళజిల్లాలలో ఈ వ్యాధి అరుదు. వారును బియ్యము తినువారే. భేదమెక్కడ నున్నదనగా, వారు ఉప్పుడుబియ్యము తినుచుండిరి, మనవారు పచ్చిబియ్యము తినుచుండిరి. వడ్లను నానబెట్టి ఆవిరిపై ఉడికించి ఎండబెట్టినచో తవుటిలోని విటమిను కొంత గింజలోనికి ఇంకిపోవును. తరువాత మర పట్టినను పూర్తిగా పోదు. ఆ తమిళగృహములలో విటమినను మాట ఎవరెరుగుదురు? వాడుక వారిని కాపాడినది.

ఈ రహస్యము మొదట బయటపడినది జావా ద్వీపమున, కోళ్ల దొడ్డిలో. క్రిస్టియాన్ ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరికి కారణమైన సూక్ష్మజీవిని వెదకుచుండగా, ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు అట్టి వ్యాధియే సోకి కాళ్లు పడిపోయెను. కొంతకాలమునకు అవి వాటంతటనే కోలుకొనెను. విచారింపగా, సైనికుల ఆస్పత్రిలో మిగిలిన తెల్లన్నము ఆ కోళ్లకు వేయుచుండిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము ఈ కోళ్లకు పెట్టనని మొండికెత్తగా మరల ముడిబియ్యము వేసిరనియు తెలిసెను. ఆ వంటవాని మొండితనము శాస్త్రమునకు చేసిన మేలు ఇంతింత కాదు. బియ్యపు గంజిపొడిలో ఏదో విషమున్నదని ఐక్‌మన్ తలచెను. విషము లేదు, ఉండవలసినదే లోపించినదని 1901లో ఆయన సహచరుడు గ్రైన్స్ సరిదిద్దెను. 1929లో ఐక్‌మన్‌కు నోబెలు బహుమానము లభించెను. మన దేశమున 1918లో కూనూరులో మక్కారిసన్ దొర బెరిబెరి పరిశోధనకై ప్రారంభించిన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. తెలుగువారి పళ్లెములోని రోగము వెంట పరిశోధకులు బయలుదేరి, తుదకు తెలుగు నగరముననే స్థిరపడిరి.

కావున బియ్యము కొనునపుడు మరీ సానపట్టనిది అడుగుడు. దంపుడుబియ్యము దొరకిన మేలు, కాని దానిలో ఒక చిక్కు కలదు. తవుటిలోని నూనె కారణముగా అది త్వరగా ముక్కవాసన వేయును, పురుగును పట్టును. సంవత్సరపు గ్రాసము ఒక్కసారిగా పోయించుకొనుట దానికి చెల్లదు. నెలకు సరిపడు మాత్రమే కొనవలెను. అంత ధర పెట్టలేనివారు ఉన్న బియ్యమునే ఒకటి రెండు మారులు మాత్రమే కడిగి, గంజి వార్చకుండ వండుకొన్నచో కొంత సారము దక్కును. అయిదుమార్లు కడిగి, నీళ్లు తెల్లగా రాకుండువరకు విడువని గృహిణులను మేమెరుగుదుము. వారి శుభ్రతను మెచ్చుకొనవలసినదే, కాని ఆ కడుగునీళ్లతో విటమినును పోవుచున్నది.

చిరుధాన్యములను గూర్చి ఈ మధ్య చాల వినుచున్నాము. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించెను. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లిగ్రాముల కాల్షియ మున్నది. బియ్యములో పది మిల్లిగ్రాములైనను ఉండుట కష్టము. ఇది మన తాతలు తిన్న తిండియే. అయితే రాగి యను పేరు పెద్ద అక్షరములలో వేసి, లోపల మైదాయు చక్కెరయు నింపిన బిస్కట్టు పొట్లములకు ఈ మాట వర్తింపదు. రాగులు కొని మర పట్టించుకొన్నచో ఆ పొట్లము వెలలో నాలుగవ వంతైనను కాదు.

ఇక పసుపు. ఇంటికి నెలకు నూరు గ్రాములు పట్టునో పట్టదో. ఇంత చిన్న వస్తువును గూర్చి విచారమెందుకని తోచవచ్చును. కాని అంగడిలోని కల్తీలలో మమ్ము మిక్కిలి భయపెట్టునది ఇదియే. మెటానిల్ యెల్లో అను నిషిద్ధమైన రంగును పసుపులోను కందిపప్పులోను కలుపువారు కలరు. అంతకంటె ఘోరమైనది సీసపు క్రోమేటు. అది గోడలకు, బండ్లకు వేయు పసుపుపచ్చ రంగులో వాడు పదార్థము. బంగ్లాదేశములో గర్భిణీస్త్రీల రక్తమున సీసము ఎక్కడినుండి వచ్చుచున్నదని వెదకిన పరిశోధకులు, అది వంటింటి పసుపునుండి వచ్చుచున్నదని 2019లో ప్రకటించిరి. కొమ్ములు పచ్చగా మెరయుటకై వ్యాపారులు మెరుగుపట్టునపుడే దీనిని పూయుచుండిరి. ఆ ప్రభుత్వము వెంటనే దాడులు జరిపి, దోషులను శిక్షించి, ప్రజలకు తెలియజెప్పెను. 2019లో అంగళ్ల నమూనాలలో సగమునకు కొంచెము తక్కువగా సీసముండగా, 2021 నాటికి ఒక్క దానిలోను కనబడలేదు. సీసము పిల్లల మెదడును దెబ్బతీయును. తగ్గిన బుద్ధిబలము తిరిగి రాదు. లెక్కలు రాని పిల్లవానిని బెత్తముతో కొట్టిన పూర్వపు ఉపాధ్యాయులు వాని వంటింటిని చూచియుండరు.

దుగ్గిరాలయు నిజామాబాదును పసుపు వర్తకమునకు పేరు గాంచిన ఊళ్లు. మనకు మంచి పసుపు దూరపు వస్తువు కాదు. పొడికంటె కొమ్ములు కొని దంచుకొనుట మేలు. కొమ్ములలోను మరీ మెరయుచు, చేతికి పచ్చని పొడి అంటునట్టివి విడిచిపెట్టి, మట్టిరంగుతో గరుకుగా నున్నవే తీసికొనవలెను. పొడిని గ్లాసు నీటిలో ఒక చెంచా వేసి కదల్పక ఉంచుడు. మంచి పసుపు అడుగున దిగి నీటికి లేత పసుపు వన్నె మాత్రమే యిచ్చును. రంగు కలిసినది దిగుచున్నప్పుడే నీటిని ముదురు పసుపుగా మార్చును. పసుపు సబ్బునీటితోనో సున్నముతోనో ఎరుపెక్కినచో కల్తీయని భయపడకుడు. అది పసుపు స్వభావము. పారాణి కలుపు ప్రతి యిల్లాలికిని తెలిసినదే. ప్రయోగశాలలో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లము చుక్క వేసినపుడును శుద్ధమైన పసుపు గులాబి రంగు తిరుగును, కాని నీరు పోయగానే ఆ రంగు పోవును. నీరు పోసినను పోనిచో మెటానిల్ యెల్లో అని అనుమానింపవలెను. గత సంవత్సరము పదవ తరగతివారు తమ యిండ్లనుండి తెచ్చిన పొట్లములను ఇట్లు పరీక్షించిరి. రెండింటి రంగు పోలేదు. వానిని ఏయే అంగళ్లలో కొనిరో ఇచ్చట వ్రాయుట మాకు తగదు. తల్లిదండ్రులకు మాత్రము చెప్పితిమి.

కందిపప్పునకును ఇదే జాగ్రత్త. మరియు కందిపప్పులోను సెనగపప్పులోను లంకపప్పు కలుపుదురు. చాలకాలము దానినే ముఖ్యాహారముగా తిన్నవారికి కాళ్లు పడిపోవును. గుండ్రముగా నుండవలసిన గింజ ఒకవైపు ఏటవాలుగా, అంచులు పలకలుగా గొడ్డలి ఆకారమున నున్నచో గుర్తుపట్టవచ్చును. కొట్టులో త్రాసు నెక్కకముందే పిడికెడు పప్పు అరచేతిలో పోసికొని చూచుటకు సిగ్గుపడనక్కరలేదు. వేరుసెనగగింజలలో ముడుచుకొన్నవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఎంత చౌకయైనను వలదు. ఆ బూజువలన పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము కాలేయమును చెరచును, వేయించినంతమాత్రమున నశింపదు. ఒక్క గింజ చేదుగా తగిలినచో ఉమ్మివేయుడు.

నూనె విషయమున ఒక్క మాట. మూత తీసిన డబ్బానుండి గరిటెతో పోయు విడినూనె మానుడు. 1998లో ఢిల్లీలో ఆవనూనెయందు బ్రహ్మదండి గింజల నూనె కలియుటచే అరువదిమందికి పైగా మరణించిరి. ఉప్పు అయొడిను కలిపినదే కొనవలెను. మూత లేని డబ్బాలో పోసి పొయ్యి ప్రక్కన పెట్టినచో ఆ అయొడిను ఎగిరిపోవును. పెద్దవారికి దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, చాలును. ఆవకాయయు అప్పడమును ఆ చెంచాలో చేరినవే.

మిరియములను నీటిలో వేసినచో మునుగును. బొప్పాయి గింజలు తేలును. తేనెను నీటిలో వేసి కరగకున్నచో మంచిదను పరీక్ష మాత్రము నమ్మదగినది కాదు. చిక్కని చక్కెరపాకమును అట్లే అడుగున నిలుచును.

పొట్లములలో అమ్ము తినుబండారములను గూర్చి పిల్లలు ఏమి అడుగుదురో మాకు తెలియును. వద్దన్న వినరనియు తెలియును. కావున వద్దనుటకు మారు చదువుమందుము. పొట్లము వెనుక చిన్న అక్షరములలో దానిలోని పదార్థముల పట్టిక యుండును. ఏది బరువులో ఎక్కువో అది ముందు వ్రాయవలెనని నిబంధన. మొదటి మూడు పేర్లలో మైదా, చక్కెర, పామాయిలు ఉన్నచో, ముందువైపున అచ్చువేసిన బాదముపప్పు బొమ్మను పట్టించుకొననక్కరలేదు. నూరు గ్రాములకు ఇంత చక్కెరయని వ్రాసియుండును. ఇరువదియైదు గ్రాములని యున్న పక్షమున, అరువది గ్రాముల పొట్లము తిన్నవానికి పదునైదు గ్రాములు, అనగా ఇంచుమించు నాలుగు చిన్న చెంచాల చక్కెర ముట్టును. ఏడవ తరగతివారికి ఇది శాతముల లెక్కగా నిచ్చితిమి; పుస్తకములోని లెక్కలకంటె శ్రద్ధగా చేసిరి. పాలలో కలుపుకొను పొడులను ‘ఆరోగ్య పానీయము’లను పేర అమ్మరాదని 2024 ఏప్రిలులో ప్రభుత్వము అంతర్జాల వర్తకులకు చెప్పెను, అట్టి పేరు ఆహారచట్టమున లేనే లేదు. పిల్లలకు ఆ పొడులే బలమని నమ్మి, కూలిడబ్బులు కూడబెట్టి కొను తల్లులను చూచినపుడు మాకు మనస్సు నొచ్చును. ఆ డబ్బునకు నెలదినములు కోడిగ్రుడ్లు వచ్చును.

ఆకుకూరల సంగతి మరచినాము కాము. సంతలో అన్నిటికంటె చౌకయైనది, అన్నిటికంటె చివర కొనునది అదియే. మునగాకు కొన్ని యిండ్లలో డబ్బు పెట్టకయే దొరకును. తోటకూరయో మునగాకో వేసి పప్పు వండి, భోజనమున నిమ్మకాయ పిండుకొన్నచో, అందలి ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనము కాగానే టీ త్రాగినచో పట్టదు. సొమ్మసిల్లిన బాలికకు వైద్యురాలు మాత్రలతో పాటు చెప్పిన పథ్యము ఇంతే. హాస్టలులో సాయంకాలపు టీని గంటన్నర వెనుకకు జరిపితిమి, వారమునకు నాలుగు దినములు ఆకుకూర పప్పు పెట్టుచున్నాము. దీనికి నెలసరి ఖర్చు పెరుగలేదు. తెల్లబియ్యమునకు బదులు తక్కువ సానపట్టినది కొనుటచే మిగిలిన సొమ్ము కూరలకు సరిపోయెను. మొదటి వారము పిల్లలు అన్నము ఎర్రగా నున్నదని సణిగిరి. ఆ బాలిక హీమోగ్లోబిన్ ఆరునెలలకు పదకొండు దాటెను. వంటామె ఇప్పుడు చేటలో రాళ్లు మాత్రమే ఏరుచున్నది. “ఆ రెండు గంటలూ నాకు మిగిలాయండీ,” అని మమ్ము చూచినప్పుడెల్ల అనుచుండును. అందులో ఎత్తిపొడుపు లేకపోలేదు.

కల్తీయని గట్టిగా తోచినపుడు అంగడివానితో జగడమాడుట వలన ఫలము లేదు. పొట్లమును, రసీదును భద్రపరచి జిల్లా ఆహారభద్రతాధికారికి వ్రాయవలెను. కొన్నవాడే రుసుము చెల్లించి ఆహారవిశ్లేషకునిచే పరీక్ష చేయించుకొను హక్కును 2006 నాటి చట్టము ఇచ్చుచున్నది. రసీదు అడుగుట మనకు అలవాటు లేదు. అరువు ఖాతా ఉన్నచోట అడుగుటకు నోరును రాదు. పిల్లలచేత అడిగించుడు, వారికి ఆ మొగమాటము ఉండదు.

పసుపు, కారము, పప్పు నమూనాలు పరీక్షింపగోరు తల్లిదండ్రులు రెండేసి చెంచాలు కాగితములో పొట్లము కట్టి, పైన వస్తువు పేరును కొన్న తేదీని వ్రాసి, పిల్లలచేత పంపవచ్చును. అంగడి పేరు వ్రాయనక్కరలేదు. ప్రయోగశాల శుక్రవారము సాయంకాలము నాలుగు గంటలనుండి అయిదు వరకు తెరచియుండును. ఆమ్లపు సీసాను విద్యార్థులు ముట్టరాదు. ఆ చుక్కలు మేమే వేయుదుము.